మృదంగం మీద మన్ను

నంగలిలో హైవే పక్క గది. సంగీతం నేర్చే పిల్లలకు ఫిజిక్స్ చెప్పాల్సింది మీరే. బయట లారీలు ఆంధ్ర సరిహద్దు వైపు పరుగెడుతున్నాయి. బోర్డు మీద పాఠం కన్నడంలో, పిల్లల గుసగుసలు తెలుగులో. తరంగాల సూత్రం సగమైనా కాలేదు, వెనక వరుస ఆవలిస్తోంది. ముందున్న పిల్లవాడి వేళ్లు మాత్రం తొడమీద ఆదితాళం వేస్తున్నాయి.

సూత్రం పూర్తిచేస్తారా, మృదంగం తెమ్మంటారా?

తెమ్మంటారు. కుడివైపు పైకి వచ్చేలా నిలబెట్టిస్తారు. తోలు నడుమ నల్లటి కరణి: చిట్టెం పొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్దింది. జేబులోంచి సన్న ఇసక పొట్లం తీస్తారు.

"ఏం సార్, మృదంగం మీద మన్ను పోస్తారా?"

గుమ్మంలో గురువుగారు. వాద్యం ఆయనదే.

"సి.వి. రామన్ ఇట్లే చల్లి చూశారు స్వామీ. 1934లో బెంగళూరు నుంచి వ్యాసం అచ్చయింది."

"కొంచెమే చల్లండి."

చల్లుతారు. పలచగా. చెయ్యి వణుకుతోంది. కరణి పగుళ్లలో ఒక్క రేణువు ఇరుక్కుంటే? మాట పడేది మీరే.

"నం కొట్టు నాయనా."

ఉంగరం వేలు కరణి అంచున ఆనుతుంది. చూపుడు వేలు పడుతుంది. నం! ఇసక ఎగురుతుంది. చెదురుతుంది. ఆగుతుంది.

గీత!

వేలు ఆనిన చోటు మీదుగా, నట్టనడుమ, తిన్నగా. గీతకు అటువైపు తోలు లేస్తే ఇటువైపు దిగుతుంది. గీత దగ్గర కదలదు. ఇసక నిలిచేది అక్కడే.

"వేలు జరుపు." నం! గీత వేలి వెంటే తిరుగుతుంది. వెనక వరుస బెంచీలెక్కింది.

అంకెలు ఇప్పుడు రాయండి. ఇంతకుముందు రాసుంటే డస్టర్‌కే పని. కరణి లేని తోలుకు మూలస్వరం 1 అనుకుంటే, పైవి 1.59, 2.14, 2.30... శ్రుతికి లొంగవు. నడుమ బరువు పడితే 1, 2, 3, 4, 5 దగ్గరికి వస్తాయి, తంబూరా తీగలో మాదిరే. తొమ్మిది రకాల కంపనాలు ఈ ఐదు స్వరాల్లోనే ఒదిగిపోతాయని రామన్ చూపించారు.

"సార్, కరణి సగం గీకేస్తే?" కిటికీ దగ్గరి అమ్మాయి.

జవాబు మీకు తెలుసు. గీకడానికి వాద్యమే లేదు. గురువుగారు అప్పుడే మృదంగాన్ని ఒళ్లోకి లాక్కున్నారు, పైపంచెతో ఇసక దులుపుతున్నారు.

"అటక మీద పాతదొకటి ఉంది. రేపు తెస్తా," అంటారాయన. "గీకేది మాత్రం నేనే."