‘మాయాబజార్’ చిత్రంలో పదసృష్టి – హాస్యం

1957లో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ చిత్రానికి కె.వి. రెడ్డి దర్శకుడు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రచన. అభిమన్యుడు బలరాముని కుమార్తెను వివాహమాడిన శశిరేఖా పరిణయ గాథ కవిత్రయ భారతంలో లేదు. జనశ్రుతిలోనూ, సురభి వంటి నాటక సమాజాల ప్రదర్శనలలోనూ వర్ధిల్లిన ఆ కథే ఈ చిత్రానికి ఆధారం. ఇందులోని హాస్యాన్ని కేవలం కాలక్షేపంగా పరిగణించడం పరిపాటి. అయితే భాషపై అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఆ హాస్యం ఒక సమాధానం చెబుతున్నదని ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

ఘటోత్కచుని అనుచరుడొకడు తమవారిని ‘అస్మదీయులు’ అని, శత్రువులను ‘తసమదీయులు’ అని వ్యవహరిస్తాడు. ‘అస్మదీయ’ వ్యాకరణసిద్ధమైన సంస్కృత పదం. దానికి జంటగా సంస్కృతంలో ఉన్నవి ‘యుష్మదీయ’, ‘తదీయ’ శబ్దాలు. ‘తసమదీయ’ వీటిలో చేరదు; అది ధ్వనిసామ్యం వలన పుట్టిన మాట. పైగా సాధురూపమైన ‘తదీయులు’ వైష్ణవ పరిభాషలో భగవంతునికి చెందిన భక్తులను సూచిస్తుంది కనుక శత్రువాచకంగా ఇక్కడ పొసగదు.

తప్పుగా పలికిన పామరుని చూసి పండితుడు నవ్వడం మన నాటకాలలో తరచుగా కనిపించే హాస్యమార్గం. పింగళి దానిని తలక్రిందులు చేశారు. ప్రభువు తప్పు దిద్దడు. మాటలు పుట్టించేవాడు లేనిదే అవి పుట్టవన్న భావాన్ని ప్రకటించి, ఆ అనుచరునికి ‘వీరతాడు’ బహూకరిస్తాడు. ప్రేక్షకుడు నవ్వేది పలికినవాని అజ్ఞానానికి కాదు, అతని సృజనకు. గిడుగు రామమూర్తి పంతులు సాగించిన వ్యావహారిక భాషోద్యమం భాషకు వాడుకే ప్రమాణమని వాదించింది. ఆ వాదానికి ఈ సన్నివేశం, ఉద్దేశపూర్వకమైనా కాకపోయినా, ఒక జనరంజకమైన ఉదాహరణ.

‘గింబళి’, ‘గిల్పం’ అనే మాటలలోనూ ఇదే ప్రక్రియ ఉంది. ‘పులి గిలి’ వంటి తెలుగు జంటపదాలలో రెండవ పదానికి స్వతంత్రార్థం లేదు. ‘కంబళి’, ‘తల్పం’ అనే మాటలకు అటువంటి ప్రతిధ్వనులైన ఈ రెండింటికి పింగళి తెరపై రూపాన్ని, పనిని కల్పించారు. అర్థంలేని మాటకు వస్తువు దొరికింది. ఆ వస్తువు విడిదికి వచ్చిన కౌరవపక్షం వారిని ముప్పుతిప్పలు పెట్టింది.

ఈ దృష్టితో చూస్తే ‘తసమదీయులు’ అన్న మాటలో మరొక ధ్వని స్ఫురిస్తుంది. ఆ పదానికి సొంత ధాతువు లేదు; ‘మనవారు’ అన్న మాటకు అది ప్రతిధ్వని మాత్రమే. పరాయివాడు మన ఊహలో పుట్టినవాడేనన్న సూచన అందులో ఉంది. నేటి రాజకీయ వ్యాఖ్యలలో స్వపక్ష పరపక్షాలను ఎత్తిపొడవడానికి ‘అస్మదీయులు, తస్మదీయులు’ అన్న జంట వినబడడానికి ఇదొక కారణం కావచ్చు.

ఈ చిత్రంలోని ప్రతి విశేషపదమూ పింగళి సృష్టి కాదు. ‘దుష్టచతుష్టయం’ వంటివి భారతకథా సంప్రదాయంలో ఉన్నవే. ఈ వివేచన పాటిస్తూనే చలనచిత్ర సంభాషణలను భాషాచరిత్రకు ఆకరాలుగా స్వీకరించవలసి ఉంది. జనం నవ్వుతూ స్వీకరించిన మాటను పండితులు ఉపేక్షిస్తే, ఆధునిక తెలుగు పదసంపద చరిత్రలో ఒక అధ్యాయం అలిఖితంగా మిగిలిపోతుంది.