ఉమ్మడి భూముల సంరక్షణ, ప్రజాధనం: విజయనగరం ప్రాంత అనుభవం

అడవి, చెరువు, పోరంబోకు, విహార స్థలం వంటి ఉమ్మడి భూములను కాపాడటానికి చట్టం ఒక్కటే చాలదు, ఏటా డబ్బు కూడా కావాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దాని ఖర్చును ఎవరు నిర్ణయిస్తారు అన్న ప్రశ్నలను విజయనగరం ప్రాంత చరిత్ర ఆధారంగా ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. జమీందారీ కాలం

1802లో మద్రాసు ప్రభుత్వం ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు విధానం ఉత్తర సర్కారులలో జమీందార్ల హక్కులను స్థిరపరచింది. విజయనగరం సంస్థానం వీటిలో పెద్దది. జమీందారు ప్రభుత్వానికి నిర్ణీత పేష్‌కష్ చెల్లించేవాడు. ఎస్టేటులోని అడవులు, చెరువులు, బంజర్లు అతని అధీనంలో ఉండేవి. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవులు ప్రధానంగా ప్రభుత్వ భూముల్లోనే ఏర్పడ్డాయి. అందువల్ల జమీందారీ అడవుల సంరక్షణ ఎక్కువగా జమీందారు ఇష్టాయిష్టాలపై ఆధారపడింది.

2. ప్రభుత్వ అధీనంలోకి

1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఈ పరిస్థితిని మార్చింది. స్వాధీనం చేసుకున్న ఎస్టేట్లలోని అడవులు, చెరువులు, పోరంబోకులు ప్రభుత్వపరమయ్యాయి. యాజమాన్యంతోపాటు నిర్వహణ ఖర్చు కూడా ప్రభుత్వంపైనే పడింది. అయితే జీతాలు, రోడ్లు, పాఠశాలలు, ఆసుపత్రులు అన్నీ పోటీపడే బడ్జెట్టులో అడవి వంతు ఏటా మారుతూ ఉంటుంది.

1992లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి అటవీ యాజమాన్యాన్ని చేపట్టి వన సంరక్షణ సమితులను ఏర్పాటు చేయసాగింది. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో అటవీ ప్రాజెక్టు నడిచింది. మొక్కలు నాటే పనులకు ఊపు వచ్చింది. కాని ప్రాజెక్టు డబ్బుకు గడువు ఉంటుంది, చెట్టు ఎదుగుదలకు దశాబ్దాలు కావాలి. ఈ రెండింటి మధ్య అంతరాన్ని గమనించండి.

3. శాశ్వత నిధి ఆలోచన

బడ్జెట్టుతో సంబంధం లేని స్థిరమైన ఆదాయం ఈ సమస్యకు ఒక పరిష్కారం. అమెరికా 1964లో చట్టం చేసి భూమి, నీటి సంరక్షణ నిధిని నెలకొల్పింది. 1968 నుంచి సముద్రగర్భ చమురు, గ్యాసు ఆదాయంలో కొంత దీనికి చేరుతోంది. పార్కులకు, విహార స్థలాలకు, భూముల కొనుగోలుకు దీన్ని వాడతారు. అయినా కేటాయించాల్సిన సొమ్మును అక్కడి చట్టసభ చాలా ఏళ్లు పూర్తిగా విడుదల చేయలేదు. ఏటా 90 కోట్ల డాలర్లు తప్పనిసరిగా ఇవ్వాలన్న చట్టం 2020లోగాని రాలేదు.

భారతదేశంలో దీనికి దగ్గరగా ఉన్నది కంపా నిధి. గనులకో, ఆనకట్టలకో, రోడ్లకో అటవీ భూమిని తీసుకునే సంస్థ ప్రత్యామ్నాయ వనీకరణ ఖర్చును, ఆ అడవి నికర ప్రస్తుత విలువను చెల్లించాలి. సుప్రీంకోర్టు 2002 ఆదేశాలతో వసూలైన సొమ్ములో పెద్ద భాగం చాలాకాలం కేంద్రం వద్దే నిలిచిపోయింది. 2016 చట్టం ఇందులో 90 శాతాన్ని రాష్ట్రాలకు కేటాయించింది. 2019 ఆగస్టులో 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ అయ్యాయి. 2020లో ప్రకటించిన నగరవనాల పథకానికీ ఈ నిధే ఆధారం. పట్టణవాసుల విహారానికి ప్రజాధనం చేరే ఒక దారి ఇది.

4. నిర్ణయం ఎవరిది?

ఈ నిధిలో ఒక వైరుధ్యం ఉంది: అడవి ఎంత పోతే నిధి అంత పెరుగుతుంది. పోయిన అడవిపై ఆధారపడినవారు, కొత్త వనంలో నడిచేవారు ఒకరే కానవసరం లేదు. పార్వతీపురం, సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు పోడు చేసుకుని, అటవీ ఫలసాయం సేకరించి బతుకుతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వారి హక్కులను గుర్తించింది. ఆ పోడు భూమినే ఖాళీ స్థలంగా భావించి మొక్కలు నాటితే సంరక్షణే తగాదాకు కారణమవుతుంది. 2018 కంపా నిబంధనలు గ్రామసభతో సంప్రదింపు కోరాయి. గ్రామసభ సమ్మతి తప్పనిసరి కావాలన్నది హక్కుల సంఘాల వాదన. ఈ రెండు పదాల మధ్య ఉన్న దూరం ఒక కుటుంబానికి ఏడాది పంట కావచ్చు.

5. సారాంశం

జమీందారు అధీనం నుంచి ప్రభుత్వ బడ్జెట్టుకు, అక్కడి నుంచి రుణ ప్రాజెక్టుకు, చివరకు ప్రత్యేక నిధికి సంరక్షణ వ్యయం మారుతూ వచ్చింది. నిధి స్థిరపడటం ప్రగతే. అయితే భూమిపై బతికేవారికి నిర్ణయంలో చోటు దక్కినప్పుడే అది నిజంగా ప్రజాధనం అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1948 చట్టం వల్ల ఉమ్మడి భూముల నిర్వహణలో వచ్చిన మార్పు ఏమిటి?
2. అమెరికా నిధిని, కంపా నిధిని ఆదాయ వనరుల దృష్ట్యా పోల్చండి.