హెల్సింకి నగరము

రాజధాని యనగా నేమి? ఏలినవాని మహిమను చాటు రాతికట్టడముల సమూహమా, లేక ప్రజల మనస్సు నివసించు స్థానమా? ఫిన్లండు దేశమునకు రాజధానియగు హెల్సింకి చరిత్రము ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మిచ్చుచున్నదని మేము తలంచుచున్నాము.

ఈ పట్టణమును 1550లో స్వీడను రాజగు గుస్తావ్ వాసా వర్తకమునకై నెలకొల్పెను. చిరకాల మిది కొయ్యయిండ్ల చిన్నరేవుగానే యుండెను. 1808లో అగ్నిప్రమాదమున దీనిలో పెద్దభాగము భస్మమయ్యెను. మరుసటి యేడు ఫిన్లండు రష్యా చక్రవర్తికి వశమయ్యెను. మొదటి అలెగ్జాండరు 1812లో దీనిని రాజధానిగా జేసెను. ఎరెన్‌స్ట్రోము వీథుల తీరును నిర్ణయింపగా, జర్మను శిల్పియగు ఎంగెల్ భవనములను రచించెను. సెనేటు చౌకమునకు తూర్పున ప్రభుత్వభవనము, పడమట విశ్వవిద్యాలయము, ఉత్తరమున ఉన్నతమైన మెట్లపై తెల్లని దేవాలయము నిలిచినవి. ఎంగెల్ 1840లో గతించెను. దేవాలయము 1852లో గాని పూర్తికాలేదు. స్తంభములు గ్రీకుల తీరువి, ఆజ్ఞ చక్రవర్తిది. ఇందు ప్రజల దేమున్నది?

ఆ చౌకము నడుమ 1894లో రెండవ అలెగ్జాండరు విగ్రహమును నిలిపిరి. దాని పీఠముపై ధర్మశాసనమును సూచించు స్త్రీమూర్తి కలదు. 1899లో రెండవ నికొలాసు ఫిన్లండు హక్కులను కుదించుచు ప్రకటన గావింపగా, పౌరులు ఆ విగ్రహపాదములకడ పువ్వులు రాశిబోసిరి. పూర్వచక్రవర్తి మన్నించిన శాసనమును నీవేల మీరెదవని మౌనముగా నడుగుటయే వారి భావము. 1917లో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను వారా విగ్రహమును తొలగింపలేదు. విగ్రహమును పడద్రోయుట సులభము. దానిచేత న్యాయము పలికించుట కష్టము.

తరువాతి కట్టడములలో ప్రజల స్వరము మరింత స్పష్టము. 1919లో తెరవబడిన సారినెన్ రచించిన రైలుస్టేషను ద్వారమున, దీపములు పట్టుకొన్న మహాకాయులగు శిలాపురుషులు ప్రయాణికులకు వెలుగు చూపుచున్నారు. ఐరోపాలో స్త్రీలకు మొట్టమొదట ఓటుహక్కు నిచ్చినది 1906లో ఈ దేశమే. మరుసటి యేడు పందొమ్మండుగురు స్త్రీలు శాసనసభ కెన్నికైరి. ఆ సభకు 1931లో పదునాలుగు స్తంభముల రాతిభవన మేర్పడెను. దాని యెదుట 2018లో ఊడి యను గ్రంథాలయమును తెరచిరి.

చదువరులారా, చక్రవర్తి తన చౌకమున విద్యాలయమునకు చోటిచ్చెను. ప్రజలు తమ శాసనసభ కెదురుగా గ్రంథాలయమును కట్టుకొనిరి. మొదటిది దానము, రెండవది సంకల్పము. మన పట్టణములలో సభాభవనముల కెదుట నేమి యున్నదో ఒకమారు చూచుట మంచిది.