షిప్పులో డిన్నర్‌కి మామ్మ ఏం కట్టుకోవాలి? కాకినాడ రేవు చెప్పే బట్టల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో జరిగిన ఒక గొడవతో మొదలుపెడతాను. కంగారు పడకండి, ఇది హిస్టరీ ఎపిసోడే. గొడవ సింగపూర్‌లో మొదలై కాకినాడ రేవు దగ్గరికి వచ్చి ఆగుతుంది.

విషయం ఏంటంటే, డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య, అంటే మా బాబాయ్ గారి అబ్బాయి, ఇంటిల్లిపాదికీ క్రూజ్ బుక్ చేశాడు. సింగపూర్ నుంచి నాలుగు రాత్రులు. పదకొండు మందిమి. మామ్మతో సహా. మామ్మకి ఎనభై రెండేళ్ళు. అందరం గాల్లో తేలిపోతున్నాం. రెండు రోజుల తర్వాత అన్నయ్య గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టాడు. "రెండు రాత్రులు డ్రెస్సప్ నైట్స్ అట. ఒకటి ఫార్మల్, ఒకటి ఆల్ వైట్. మగాళ్ళకి సూట్, ఆడవాళ్ళకి గౌన్. అందరూ ఇప్పుడే కొనేసుకోండి."

ఇంక చూడండి. చెల్లి అరగంటలో పద్నాలుగు గౌన్ల ఫొటోలు పెట్టింది. నాన్న "పెళ్ళికి కుట్టించిన సూట్ ఉంది, బొత్తాం పడితే చాలు" అన్నారు. పడలేదు. అమ్మ ఏం మాట్లాడలేదు. నేనేమో టక్సీడో అద్దెకి దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రం మామ్మ చాలా మామూలుగా ఒక మాట అంది.

"మీరంతా వెళ్ళి తినండ్రా. నాకు గదిలోకి రెండు ఇడ్లీలు పంపించండి, చాలు."

కోపంగా అనలేదండి. అలా అని ఉంటే బుజ్జగించేవాళ్ళం. తను ఆ గదిలోకి వస్తే మేం ఇబ్బంది పడతామని ముందే అనేసుకుని, మాకు దారి వదిలింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్. ఏదైనా రూల్ కనిపిస్తే దాన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని వెనక్కి తవ్వడం పాత అలవాటు. డ్రెస్ కోడ్ కూడా కోడే కదా. తవ్వాను.

ముందు టక్సీడో సంగతి. 1860ల్లో ఇంగ్లండ్‌లో పెద్దింటి మగాళ్ళు రాత్రి భోజనానికి వెనక తోకలాగా వేలాడే పొడవాటి కోటు వేసుకునేవాళ్ళు. 1865లో అప్పటి వేల్స్ యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజు, ఇంట్లో తీరిగ్గా తినేటప్పుడు వేసుకోవడానికి పొట్టి కోటు ఒకటి కుట్టించుకున్నాడని లండన్ దర్జీ షాపు హెన్రీ పూల్ వాళ్ళు చెబుతారు. 1886లో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే చోట డబ్బున్నవాళ్ళ క్లబ్బు ఒకటి మొదలైంది. అక్కడ ఈ పొట్టి కోటు ఫ్యాషన్ అయ్యి, ఆ ఊరి పేరే బట్టకి అతుక్కుపోయింది. అంటే ఇవాళ మనల్ని భయపెడుతున్న టక్సీడో పుట్టినప్పుడు దాదాపు హుడీ లాంటిదన్నమాట. పెద్దవాళ్ళు చూసి "ఇదేం వేషంరా" అనుకునే రకం.

ఇంకా ఉంది. టక్సీడో మీద నడుముకి కట్టే వెడల్పు పట్టీని కమ్మర్‌బండ్ అంటారు. ఆ మాట ఎక్కడిదనుకున్నారు? కమర్‌బంద్. పార్సీ నుంచి హిందుస్తానీలోకి వచ్చిన మాట. నడికట్టు, అంతే. ఇండియాలో ఉన్న బ్రిటిష్ ఆఫీసర్లు మనవాళ్ళు కట్టుకోవడం చూసి తామూ కట్టుకున్నారు. మన కలెక్టర్ గారి ముందు తెల్ల డ్రెస్సు మీద ఎర్ర పట్టీ కట్టుకుని నడిచే దఫేదార్‌ని ఎప్పుడైనా చూశారా? చుట్టరికం చూసుకుంటే ఆ పట్టీ, ఈ పట్టీ ఒకే ఇంటివి. ఇంగ్లీషు ఓడలు ఎర్ర సముద్రంలో వెళ్ళేటప్పుడు ఉక్కపోత తట్టుకోలేక కోటు తీసేసి, తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నడికట్టుతో డిన్నర్‌కి వచ్చే పద్ధతి కూడా పెట్టుకున్నారు. దాని పేరే రెడ్ సీ రిగ్. వేడికి రూల్ మార్చుకున్నారన్నమాట. రాసినవాళ్ళకి మార్చుకునే ధైర్యం ఉంటుంది. పాటించేవాళ్ళకే భయం.

ఇప్పుడు ఓడల్లోకి వద్దాం. పాత రోజుల్లో ఫస్ట్ క్లాస్ ప్రయాణికులు దాదాపు ప్రతి రాత్రీ ముస్తాబై డిన్నర్‌కి వచ్చేవాళ్ళు. మొదటి రాత్రికి, చివరి రాత్రికి మాత్రం మినహాయింపు, ఎందుకంటే సామాన్లు పెట్టెల్లో ఉంటాయి. ఇవాళ్టికీ క్రూజుల్లో ఫార్మల్ నైట్ ఎక్కువగా మధ్య రోజుల్లోనే ఎందుకు పెడతారో అర్థమైందా? టైటానిక్ సినిమా గుర్తుందిగా. జాక్ ఫస్ట్ క్లాస్ డిన్నర్‌కి వెళ్ళాలంటే మోలీ బ్రౌన్ తన కొడుకు సూట్ ఇవ్వాల్సి వచ్చింది. మనిషి అదే మనిషి. కోటు మారగానే తలుపు తీసేవాడు నమస్కారం పెట్టాడు.

మరి మన కాకినాడ ఓడలో? ఇది స్కూల్లో ఎవరూ చెప్పలేదు నాకు.

మనకి కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన మీద సెల్ఫీ, అంతేగా? ఒకప్పుడు అది ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 తుఫాను దాన్ని తుడిచిపెట్టేసింది, ఒండ్రు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకి జరిగింది. బట్టల వ్యాపారం అంతకు ముందు నుంచే ఉంది. యానాం పక్కన ఇంజరంలో, నర్సాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు గిడ్డంగులు పెట్టి మన నేత బట్ట కొని ఓడలకెక్కించారు. ఇంగ్లీషులో ఇప్పటికీ ఒక రకం నూలు గుడ్డని మడపోలం అంటారు. అది మన మాధవాయిపాలెమే. ఆ ఊరి పేరు వాళ్ళ డిక్షనరీలో ఉంది, మన సిలబస్‌లో లేదు.

బట్టల వెనకే మనుషులూ వెళ్ళారు. స్టీమర్లు వచ్చాక కాకినాడ నుంచి, వైజాగ్ వైపు నుంచి వేలకి వేల మంది బర్మా పోయారు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవాళ్ళు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి, రిక్షాలు లాగడానికి వెళ్ళేవాళ్ళు. అక్కడ తెలుగు కూలీలని కొరింగీలు అనేవాళ్ళు, మన కోరంగి పేరు మీద. రాను రాను అది తిట్టులాగా అయిపోయింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా ఇండియావాళ్ళే.

కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. స్టీమర్ దూరంగా లంగరేసేది, జనం పడవల్లో వెళ్ళి ఎక్కేవాళ్ళు. టికెట్ డెక్ టికెట్. పైన ఆకాశం, కింద చాప. అదే ఓడలో క్యాబిన్లలో దొరలు డిన్నర్‌కి ముస్తాబయ్యేవాళ్ళు. రెండు లోకాలకీ మధ్య ఒక మెట్ల వరస.

ఇదంతా చదివి మామ్మ దగ్గరికెళ్ళి అడిగాను. "మామ్మా, మనవాళ్ళు ఎవరైనా రంగం వెళ్ళారా?" నా వైపు ఒకలా చూసింది. "మా నాన్న వెళ్ళాడు కదరా."

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం ఫ్రెండ్స్. నేనెప్పుడూ అడగలేదు, తనెప్పుడూ చెప్పలేదు.

మామ్మకి వాళ్ళమ్మ చెప్పిన కథ ఇది. ముత్తాత స్టీమర్ ఎక్కేటప్పుడు రేకు పెట్టెలో ఒక తెల్ల చొక్కా మడతపెట్టి పెట్టుకున్నాడట. డెక్ మీద ఉన్నన్ని రోజులూ పంచె, తువ్వాలు. చొక్కా ముట్టుకోలేదు. రంగంలో దిగే రోజు తీసి వేసుకున్నాడట, కొత్త ఊరివాళ్ళు మనిషిగా చూస్తారని. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. లక్షల మంది ఇండియావాళ్ళు బర్మా వదిలి బయల్దేరారు. ఓడలో చోటు దొరకనివాళ్ళు కొండలు, అడవులు దాటి నడిచారు. వేల మంది దారిలోనే పోయారు. ముత్తాత మణిపూర్ వైపు నుంచి నడిచొచ్చాడు. పెట్టె లేదు, చొక్కా లేదు. "ఆయన వచ్చిన మరుసటేడు నేను పుట్టాను" అంది మామ్మ.

ఆ చొక్కా సంగతి వినగానే నాకు గాంధీ గుర్తొచ్చారు. ఆయన ఆత్మకథలో అచ్చం ఇలాంటిదే ఒకటి ఉంది. 1888 సెప్టెంబర్‌లో పందొమ్మిదేళ్ళు నిండని కుర్రాడు బొంబాయిలో క్లైడ్ అనే ఓడెక్కాడు. ఓడలో నల్ల సూట్ వేసుకుని, తెల్ల ఫ్లానెల్ సూట్ ఒకటి దిగే రోజుకని దాచుకున్నాడు. ముళ్ళు, చాకులతో తినడం రాదు, ఏ వంటలో మాంసం ఉందో అడగడానికి సిగ్గు. దాంతో ఎక్కువగా క్యాబిన్‌లోనే తిన్నాడు, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళు. సౌతాంప్టన్‌లో తెల్ల సూట్‌లో దిగి చూస్తే, సెప్టెంబర్ చివరి చలిలో తెల్ల బట్టలేసుకున్నది తనొక్కడే. మార్చుకుందామంటే సామాన్లూ, తాళాలూ ఏజెంట్ దగ్గర.

ఆయన ఫస్ట్ ఆల్ వైట్ నైట్ అట్టర్ ఫ్లాప్ అన్నమాట. నవ్వొచ్చే సంగతే. కానీ "గదిలోనే తింటాను" అన్న ఆ కుర్రాడూ, మా మామ్మా నాకు పక్కపక్కనే కనిపించారు.

నలభై మూడేళ్ళ తర్వాత, 1931 ఆగస్టులో, అదే బొంబాయి నుంచి అదే ఇంగ్లండ్‌కి రాజ్‌పుతానా అనే ఓడలో ఆయన మళ్ళీ బయల్దేరారు, రౌండ్ టేబుల్ సమావేశానికి. ఈసారి సూట్ లేదు. కొల్లాయి, శాలువా. ఆ నవంబర్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి రాజు గారి విందుకి కూడా అవే బట్టలు. ఆ మధ్య కాలంలో ఆయన ఒక్కరే కాదు, దేశమే బట్టల గురించి ఆలోచించడం మార్చుకుంది. 1923లో మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ఎగ్జిబిషన్ పెట్టారు. గేటు దగ్గర వాలంటీర్ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. నాకు ఈ కథలో నచ్చింది ఒకటే. ఎవరొచ్చారు, ఏ స్థాయి అని ఆ పిల్ల చూడలేదు. టికెట్ ఉందా లేదా, అంతే.

అయితే స్వాతంత్ర్యంతో ఇదంతా అయిపోయిందనుకోకండి. 2014 జులైలో చెన్నైలో ఒక క్లబ్బువాళ్ళు పంచె కట్టుకొచ్చాడని హైకోర్టు జడ్జినే లోపలికి రానివ్వలేదు. అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ అలా ఆపడం కుదరదని చట్టం చేసింది. పంచె కట్టుకుని లోపలికి వెళ్ళడానికి చట్టం కావాల్సొచ్చింది, అదీ మన పక్క రాష్ట్రంలో.

సరే, ఇప్పుడు మా క్రూజ్. ఇన్ని రోజులూ మేం ఎవరం చెయ్యని పని ఒకటి చేశాను. కంపెనీవాళ్ళ డ్రెస్ కోడ్ పేజీ మొత్తం చదివాను. గౌన్ తప్పనిసరి అని ఎక్కడా లేదు. "మీ దేశపు సంప్రదాయ దుస్తులు కూడా వేసుకోవచ్చు" అని ఒక లైన్ ఉంది. క్యునార్డ్ లాంటి పాతకాలపు, బాగా పట్టింపున్న కంపెనీలు కూడా ఇదే మాట రాస్తాయి. సూట్, గౌన్ అన్నది మా అన్నయ్య కలిపిన మాట. తప్పు వాడిదొక్కడిదే కాదు, మేమందరం ఒక్కళ్ళం కూడా అడక్కుండా నమ్మేశాం. ఆ రూల్ మా బుర్రల్లో ముందే ఉంది.

గ్రూపులో ఆ పేజీ స్క్రీన్‌షాట్ పెట్టాను. చివరికి తేలింది ఇది. మామ్మకి, అమ్మకి ఉప్పాడ జాందానీలు. కాకినాడ నుంచి బీచ్ రోడ్డులో అరగంట వెళ్తే నేసినచోటే కొనుక్కోవచ్చు, 2009లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పువ్వు చేత్తో నేస్తారు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బరువుండదు, పెట్టెలో చోటు తినదు. నాన్నకి ఖద్దరు పంచె, కండువా. చెల్లి గౌనే వేసుకుంటానంది, వేసుకోనీండి, దానికి ఇష్టం. నేను కూడా టక్సీడో వదల్లేదు. నడుముకి పట్టీ మాత్రం ఉప్పాడ జరీ అంచుతో కుట్టించుకుంటున్నాను. ఎక్కడి నుంచి వెళ్ళిందో అక్కడికి రానీ.

వెళ్ళేవాళ్ళకి రెండు మూడు మాటలు. చాలా షిప్పుల్లో ఇస్త్రీ పెట్టె క్యాబిన్‌లోకి తేనివ్వరు, నిప్పు భయం. గంజి పెట్టిన పంచె ఇక్కడే ఇస్త్రీ చేయించి అడుగున అట్ట పెట్టి మడవండి. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ళకి శాలువా మర్చిపోకండి. డెక్ మీద గాలికి పైట నిలవదు, పిన్నులు పెట్టుకోండి. జారని చెప్పులు. అన్నిటికంటే ముందు మీ షిప్పువాళ్ళ రూల్ మీరే చదవండి, గ్రూపులో ఎవరో చెప్పింది కాదు.

మొన్న మామ్మ జాకెట్ కుట్టించడానికి టైలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కొలతలిస్తూ అడిగింది, "ఒరే, ఆ భోజనాల గదికి మెట్లు ఎక్కాలా?"

"లిఫ్ట్ ఉంది మామ్మా."

"అయితే ఆ చీర మొదటి రోజు కట్టనులే. ఆ పెద్ద భోజనం రోజుకి ఉంచుతాను" అంది. వాళ్ళ నాన్న పోలికే.

ఫ్రెండ్స్, మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళిన కథ ఉందా? గోదావరి జిల్లాలు, విశాఖ, శ్రీకాకుళం వైపు చాలా ఇళ్ళల్లో ఉంటుంది, మనం అడగం, అంతే. ఇవాళే ఫోన్ రికార్డర్ ఆన్ చేసి అడగండి. ఏం పట్టుకెళ్ళారు, ఏం కట్టుకుని దిగారు, ఎలా తిరిగొచ్చారు అని. కామెంట్లలో రాయండి, వాటితో ఇంకో ఎపిసోడ్ చేద్దాం. మామ్మ ఫార్మల్ నైట్ ఫొటో వచ్చాక పెడతాను, తను ఒప్పుకుంటేనే. ఉంటానండి మరి, నమస్తే.