విముక్తిపథమున నొక గుమాస్తా

బానిసత్వము మనుష్యుని శ్రమను మాత్రమే దోచుకొనదు. తల్లినుండి బిడ్డను, అన్ననుండి తమ్ముని వేఱుచేసి, వంశస్మృతిని సైతము తుడిచివేయును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ వినాశము నెదిర్చినవారిలో కలమునే ఆయుధముగా గైకొన్నవాడు విలియం స్టిల్ అను నల్లజాతి గుమాస్తా.

ఆయన 1821లో న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించెను. 18 మంది సంతానములో కడగొట్టువాడు. తండ్రి లెవిన్ మేరీలాండున బానిసగానుండి, తన స్వేచ్ఛను తానే కొనుక్కొని వచ్చినవాడు. తల్లి సిడ్నీ నలుగురు బిడ్డలతో పాఱిపోయి పట్టుపడెను. రెండవమారు తప్పించుకొనునపుడు నలుగురిని తీసికొనిపోవుట అసాధ్యమగుటచే, ఇద్దఱు కుమార్తెలను మాత్రమే వెంటగొని, లెవిన్, పీటర్ అను ఇద్దఱు కుమారులను విడిచి వచ్చెను. యజమాని ఆ బాలురను దూరదేశమునకు విక్రయించెను. తల్లి పేరు మార్చుకొని బ్రతికెను. కాని ఆ గాయము మానలేదు.

స్టిల్ 1844లో ఫిలడెల్ఫియా నగరమునకు వచ్చి, 1847లో బానిసత్వ నిర్మూలన సంఘపు కార్యాలయమున ఉద్యోగియయ్యెను. గది ఊడ్చుటయు, ఉత్తరములు వ్రాయుటయు ఆయన పనులే. ఆ కార్యాలయము ‘భూగర్భ రైలుమార్గము’నకు ముఖ్యమైన మజిలీ. ఇది నిజమైన రైలుమార్గము కాదు; పాఱిపోయి వచ్చిన బానిసలను ఇంటినుండి ఇంటికి రహస్యముగా దాటించి, కెనడా వఱకు చేర్చు దయామయుల వరుస.

1850 ఆగస్టులో అలబామానుండి ఒక నడివయస్కుడు ఆ కార్యాలయమునకు వచ్చెను. కూడబెట్టిన ధనముతో స్వేచ్ఛను పొంది, చిన్ననాడు ఎడబాసిన తల్లిదండ్రులను వెదకుచుండెను. వారి పేర్లు లెవిన్, సిడ్నీ యని అతడు చెప్పగనే స్టిల్ నిశ్చేష్టుడయ్యెను. ఎదుట కూర్చున్నవాడు తానెన్నడును చూడని తన అన్న పీటర్! తండ్రి అప్పటికే గతించెను. 40 ఏండ్లకు పైగా ఎడబాసిన కుమారుని తల్లి తిరిగి చూడగల్గెను. మఱియొక కుమారుడు లెవిన్ మాత్రము బానిసత్వముననే మరణించియుండెను.

పేర్లు చెప్పుకొనుటవలననే ఒక కుటుంబము కలిసెను. ఈ యనుభవము స్టిల్ వ్రాతకు దీక్షనొసగెను. వచ్చినవారి పేరు, యజమాని పేరు, విడిచివచ్చిన బంధువులు, మార్చుకొన్న క్రొత్తపేరు — అన్నిటిని ఆయన శ్రద్ధతో వ్రాసికొనెను. ఆ సంవత్సరముననే వెలువడిన చట్టము, పాఱిపోయినవారికి తోడ్పడువారికి 1000 డాలర్ల వఱకు జరిమానాయు, ఆరు నెలల వఱకు చెఱయు విధించెను. ఆ దస్త్రములు పరుల చేతబడినచో ఎందఱో మరల సంకెలల పాలగుదురు. అయినను ఆయన వ్రాత మానలేదు. 1852లో ఏర్పడిన సంరక్షణ సంఘమున కార్యవర్గాధ్యక్షుడై సుమారు 800 మందికి సహాయము చేసెను. ఎందఱినో స్వయముగా వెంటగొని వచ్చిన వీరనారి హారియెట్ టబ్మను ఆ మజిలీకి వచ్చినవారిలో నొకతె. అపాయము హెచ్చినపుడు ఆ కాగితములను శ్మశానవాటికలోని భవనమున దాచిరి.

1865లో రాజ్యాంగసవరణచే బానిసత్వము రద్దయ్యెను. 1872లో స్టిల్ ఆ దస్త్రముల నాధారము చేసికొని బృహద్గ్రంథమును ప్రకటించెను. అందు ఉద్ధారకులకంటె, ప్రాణములకు తెగించి వచ్చినవారికే అగ్రస్థానమొసగెను. ఆయన 1902లో మరణించెను. సంతలో వెలగట్టబడిన స్త్రీపురుషులు ఆ పుటలలో తల్లులుగా, తండ్రులుగా, తోబుట్టువులుగా నేటికిని నిలిచియున్నారు.