తీగ తెగినా తెగని లెక్క

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో, టేకు చెట్లు చిక్కబడుతున్న కొద్దీ లోకంతో మన సంబంధం పలచబడేది. డయలప్ రోజులు గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక వానాకాలం, భద్రాచలంలో బంధువుల ఇంట కూర్చుని, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరుమీద ఆర్ భాషలో పెద్ద గణనకు పూనుకున్నాను. ఆరు గంటలు నడిచింది. ఉరిమింది, ఫోను మూగబోయింది. మళ్ళీ లైను దొరికేసరికి అక్కడ నా గణన ఆనవాలైనా లేదు.

తెగింది తీగ మాత్రమే కదా, లెక్క ఎందుకు పోవాలి? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే రెండు చరిత్రలు ఎదురయ్యాయి. ఒకటి యూనిక్స్‌ది, రెండవది ఈ అడవులదే.

పూర్వం పెద్ద కంప్యూటరుకు టెర్మినళ్ళను టెలిఫోను తీగలగుండా కలిపేవారు. అవతలివారు ఫోను పెట్టేస్తే, ఆ మనిషి మొదలుపెట్టిన పనులన్నిటికీ యూనిక్స్ ఒక సంకేతం పంపేది. దాని పేరు సిగ్‌హప్. 'హప్' అంటే హ్యాంగప్, ఫోను పెట్టేయడం. యజమాని వెళ్ళిపోయాడు గనుక పని చాలించమని దాని భావం. ఆ రోజులకది సబబే. పిడుగుకు తెగిన తీగకూ, బుద్ధిపూర్వకంగా పెట్టేసిన ఫోనుకూ తేడా తెలియకపోవడమే చిక్కు. నా ఆర్ గణన ఆ సంకేతానికే బలి అయింది.

దీనికి తొలి విరుగుడు నోహప్: ఆ సంకేతాన్ని పట్టించుకోవద్దని పనికి ముందే చెప్పి పంపడం. అయితే అలా వదిలిన పనితో తిరిగి సంభాషించలేము. గణాంకశాస్త్రంలో ఒక ఫలితం చూసి తరువాతి ప్రశ్న వేస్తాము కనుక ఇది చాలదు. 1987లో ఒలివర్ లౌమన్, కార్‌స్టెన్ బోర్మన్ స్క్రీన్ అనే ప్రోగ్రామును వెలువరించారు. అది దూరపు యంత్రంలోనే ఉండి, మన పనికి తానే టెర్మినలుగా నిలుస్తుంది. తీగ తెగితే పోయేది మన కిటికీ మాత్రమే. గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చి, విడిచిన చోటనే అందుకోవచ్చు. 2007లో వచ్చిన టీమక్స్‌ది కూడా ఇదే బాట. 2012లో వచ్చిన మోష్, ఐపీ చిరునామా మారినా కూడా సంబంధాన్ని నిలుపుతుంది.

ఇక అడవి చరిత్ర. 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఉత్తరంగా సాగుతూ నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1818 చివర హైదరాబాదులో ఆయన సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్టు, 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో త్రిభుజాలు అల్లే పనికి దిగాడు. ఆ పనికి ప్రాణం దృష్టిరేఖ. ఒక కొండమీదినుంచి మరో కొండమీది గుర్తు కనబడాలి. చెట్టు అడ్డొచ్చినా, మంచు కమ్మినా, వాన కురిసినా సంబంధం తెగినట్టే.

వానలతోపాటు అడవి జ్వరం వచ్చింది. సుమారు 150 మంది ఉన్న బృందం దాదాపు మొత్తం మంచాన పడింది. వారిని హైదరాబాదు చేర్చేలోగా 15 మంది మరణించారు. ఎవరెస్టు 1820లో ఆరోగ్యం కోసం కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్ళవలసి వచ్చింది. 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ కన్నుమూశాడు. అయినా సర్వే ఆగిపోలేదు. ఎవరెస్టే దాని పగ్గాలు చేపట్టాడు.

మనుషులు కూలినా పని నిలిచిందంటే కారణం, దాని స్థితి ఏ ఒక్కరి తలలోనూ లేకపోవడమే. కొండశిఖరాన రాతిలో చెక్కిన గుర్తు ఉంది; కొలిచిన కోణాలు క్షేత్ర పుస్తకంలో ఉన్నాయి. తరువాత వచ్చినవాడు ఆ గుర్తుమీద థియోడొలైటు నిలబెట్టి, పుస్తకం తెరిస్తే చాలు.

స్క్రీన్‌ను నేను ఆ రాతిగుర్తుతో పోలుస్తాను. కానీ గుర్తొక్కటే చాలదు. దూరపు యంత్రానికే కరెంటు పోతే స్క్రీన్ కూడా పోతుంది, అందులోని ఆర్ కూడా పోతుంది. అందుకే ఒక్కో దశ ముగియగానే ఫలితాన్ని సేవ్ఆర్‌డీఎస్‌తో డిస్కుకు ఎక్కించాలి. అది మన క్షేత్ర పుస్తకం. లైను నిలపడానికి ఎస్ఎస్‌హెచ్‌లో నిర్ణీత వ్యవధికొక పలకరింపు పంపే ఏర్పాటు ఉంది గాని, దానిమీదే భారం వేసినవాడు వానను నమ్మి విత్తినవాడు.

ఈ రెండు జాగ్రత్తలు నేర్చుకున్నాక, తరువాతి వానాకాలం అదే ఇంట, అదే గణన మళ్ళీ మొదలుపెట్టాను. లైను ఆనాడూ తెగింది. దీపం ఆర్పి నిద్రపోయాను. తెల్లవారి చూస్తే లెక్క పూర్తయి, నా కోసం ఎదురుచూస్తున్నది.

పేరు ఒక మహాశిఖరానికి దక్కింది. గోదావరి అడవి జ్వరానికి రాలిన ఆ 15 మంది పేర్లు మాత్రం మనకు తెలిసిన కథలో లేవు. కోణాలను పదిలంగా రాసుకున్న పుస్తకంలో వారికి కూడా ఒక పుట ఉండవలసింది.