జుట్టు నెరయడం

జుట్టు నెరయడం అనగా వెండ్రుకలు సహజమైన రంగును క్రమంగా కోల్పోయి తెల్లబడడం. దీనిని సంస్కృతంలో పలితము అంటారు. ఇది వ్యాధి కాదు. వయస్సుతో వచ్చే మార్పు. ఆసియా ప్రజలలో ఇది సాధారణంగా 35-40 సంవత్సరాల మధ్య మొదలవుతుంది. 25 సంవత్సరాలలోపే నెరిస్తే దానిని బాలనెరుపు అంటారు.

కారణాలు

వెండ్రుకల కుదుళ్ళలో ఉండే మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే వర్ణద్రవ్యాన్ని తయారుచేస్తాయి. వయస్సు పెరిగేకొద్దీ ఈ కణాలకు మూలమైన మూలకణాలు తగ్గిపోవడంతో కొత్తగా మొలిచే వెండ్రుకలు రంగు లేకుండా వస్తాయి. నెరుపు ఏ వయస్సులో మొదలవుతుందనేది ఎక్కువగా వంశపారంపర్యంపై ఆధారపడి ఉంటుంది. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ వ్యాధులు, పొగత్రాగడం కూడా నెరుపును త్వరితం చేయవచ్చును. తీవ్రమైన ఒత్తిడి మెలనోసైట్ మూలకణాలను హరిస్తుందని 2020లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో తేలింది.

అపోహలు

* ఒక తెల్లవెండ్రుకను పీకితే చుట్టుప్రక్కలవి కూడా నెరుస్తాయన్నది నిజం కాదు. ప్రతి కుదురు దేనికదే స్వతంత్రం. అయితే పదేపదే పీకితే కుదురు దెబ్బతింటుంది.
* గుంటగలగర, ఉసిరి తైలాలు తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. కాని వయస్సుతో నెరసిన జుట్టును అవి తిరిగి నల్లబరుస్తాయని నిర్ధారణ కాలేదు.

రంగు వేయడం

గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం తెల్లజుట్టుకు ఎర్రని ఛాయనిస్తుంది. దానిపై నీలి ఆకు పొడి పట్టిస్తే నలుపు వస్తుంది. నల్లగోరింట పేరుతో అమ్మే పొడులలోను, అనేక తలరంగులలోను పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనం ఉంటుంది. ఇది కొందరికి పడదు. దురద, వాపు, పొక్కులు కలుగుతాయి. అందువలన ప్రతిసారీ ముందుగా చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు గమనించాలి. కనుబొమలకు, కనురెప్పల వెండ్రుకలకు ఈ రంగు వాడరాదు.

విషప్రభావం

తలరంగు కడుపులోకి వెళ్ళడం ప్రాణాపాయం. ఆంధ్ర ప్రదేశ్‌లో, ముఖ్యంగా రాయలసీమలో, ఇటువంటి మరణాలు వైద్య పత్రికలలో నమోదైనాయి. మొదట మెడ, నాలుక వాచి శ్వాస ఆడదు. తరువాత కండరాలు దెబ్బతిని మూత్రపిండాలు విఫలమవుతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కనుక లక్షణాల కొరకు వేచి చూడక, వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి తరలించాలి. ఇంట్లో తలరంగులను తాళం వేసి ఉంచడం, మిగిలిన వాటిని దాచకుండా పారవేయడం మంచిది. మనోవేదనలో ఉన్నవారు 14416 టెలీమానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

సూచనలు

నెరుపును అలాగే ఉంచుకోవడం వలన ఆరోగ్యానికి ఏ హానీ లేదు. చిన్న వయస్సులోనే నెరిసినవారు మాత్రం రంగుకంటే ముందు వైద్యుని సంప్రదించి, రక్తపరీక్షతో లోపాలున్నాయేమో తెలుసుకొనవలెను. లోపాన్ని సరిదిద్దితే కొందరిలో రంగు తిరిగి రావచ్చును.

ఇవి కూడా చూడండి

* మెలనిన్
* గోరింట
* గుంటగలగర